రెండు అయిదులు

నౌపడా నుంచి చిన్న రైలు మీద
రాతి రోలరు వచ్చిన రోజు
టెక్కలి దాటాక మెట్ట ఎక్కలేక ఇంజను నిలబడిపోయింది.
ప్యాసింజర్లు దిగి తోశారు.
టిక్కెట్టు డబ్బులు మాత్రం ఎవరికీ తిరిగివ్వలేదని
మా నాన్న బతికినంతకాలం చెప్పాడు.

కిమిడిలో అప్పటికది స్టేడియం కాదు,
దివాణం గుర్రాలు పచ్చిక మేసిన నేల.
సీమ జట్టు వస్తోందంటే
మహేంద్రతనయ ఒడ్డు నల్లమన్ను తట్టలతో మోసి
సవర మంగడు పిచ్ పరిచాడు.
వేళ్ల మధ్య నలిపి, నాలిక మీద పెట్టి
"ఇంకా పచ్చిగుంది బాబూ" అనేవాడు.
ఆ ఆట ఏమిటో అతనికి చివరిదాకా ఎవరూ చెప్పలేదు.

మా నాన్న బొమ్మాళి నీలకంఠం బోర్డులు రాసేవాడు.
ఒకే దుకాణానికి పైన ఒరియా, కింద తెలుగు,
మరుసటేడు యజమాని మారితే
పైన తెలుగు, కింద ఒరియా.
స్కోరుబోర్డు రేకులూ అతనికే ఇచ్చారు.
ఏ అంకెలు రాయాలో మాత్రం చెప్పలేదు.
రాష్ట్రాల మధ్య గీత గీసి పదిహేనేళ్లయినా
కమిటీలో దాని రంగు ఇంకా ఆరలేదు.
మూడు మీటింగులు. ఒక గొడుగు విరిగింది.
ఇంగ్లీషువి వేద్దామన్నవాణ్ణి
రెండు వర్గాలూ కలిసి బయటికి పంపాయి.

నాన్న పెరట్లో రేకులు పరిచి సున్నా రాశాడు.
ఎవరూ కాదనలేదు.
ఒకటి రాశాడు. పాణిగ్రాహి మాస్టారు మాదే అన్నారు,
పెద్దింటి గుమాస్తా మాదే అన్నాడు.
రెండు, అంతే. నాలుగు, అంతే.
తోకలు కొంచెం అటూ ఇటూ సాగదీసి
మిగతావి గట్టెక్కించాడు.
అయిదు దగ్గర కుంచె ఆగింది.
ప్రతి అంకెకీ రెండేసి రేకులు కదా,
ఒక అయిదు అలా, ఒక అయిదు ఇలా రాసి
"నీ చేతికి ఏది తగిల్తే అది ఎయ్యరా" అని నాకిచ్చాడు.

నాకు పదకొండేళ్లు. ఆట నేను చూడలేదు.
బోర్డు వెనక మేకులకి రేకులు తగిలించేవాడికి
ఆట వినబడుతుంది.
బ్యాటు చప్పుడు,
కాసేపు ఏమీ లేకపోవడం,
తర్వాత జనం.
అయిదు పరుగులకి తెలుగు రేకు తగిలించాను,
పడమటి గట్టు వాళ్లు ఛీ కొట్టారు.
పదిహేనుకి రెండోది. తూర్పు నుంచి ఒక చెప్పు వచ్చింది.
ఇరవై అయిదు, ముప్పై అయిదు
దాటేసరికి గొంతులు తిట్టడం మాని
లెక్కపెట్టడం మొదలెట్టాయి.

యాభై అయిదుకి
ఉన్నవి రెండే. రెండూ వేశాను, పక్కపక్కన.

మైదానం మొత్తం లేచింది.
వేరుశెనగలమ్మే ముసలామె తన బుట్ట తనే తన్నేసుకుంది.
క్రీజులో ఉన్న సీమ కుర్రాడు
తనకే అనుకుని టోపీ తీశాడు.
కాదని చెప్పడానికి మా దగ్గర భాష లేదు.
చెప్పాలనీ అనిపించలేదు.

మధ్యాహ్నం వాన. మూడు రోజులూ వాన.
మళ్లీ ఏ దేశం వాళ్లూ రాలేదు.
గోడ మీద మాత్రం అంతర్జాతీయ క్రీడా మైదానమని
నాన్న రెండు భాషల్లో రాశాడు,
ఆ డబ్బు ఇంకా రావాలి.

తిత్లీ తుఫానుకి గోడ పడింది.
రోలరు సగం భూమిలోకి దిగింది,
పై సగం మీద చీరలు ఆరేస్తున్నారు.
ఒక అయిదు మా ఇంట్లో బియ్యం గోలేనికి మూత.
రెండోది ఏటవతల పాతపట్నంలో
చెల్లెలి కోళ్లగూటికి తలుపు.
ఏది ఏ ఇంట్లో ఉందో, తుప్పు పట్టాక చెప్పలేను.

సాయంత్రం టెన్నిస్ బంతితో ఆడే పిల్లలు అడుగుతారు,
"ఆ రోజు ఎంత కొట్టారు తాతా?"
యాభై అయిదు.
"మరి తర్వాత?"
తర్వాత ఎంతో కొట్టే ఉంటారు.
నేను వెనక ఉన్నాను కదా.